ఈరవ్వ ఖాకీ అంగీ

బోధన్ నుంచి రెంజల్ పోయే దారిలో చెరుకు తోటల నడుమ మొగిలిగుట్ట అనే ఊరుంది. ఆ ఊరి ఈరవ్వను అదే ఊరి బాలనర్సయ్యకిచ్చి చేశారు. సంసారం కుదురుకుంటుండగా చైనాతో యుద్ధమొచ్చింది. ఎడ్లు కొనుక్కొస్తానని బోధన్ అంగడికి పోయిన బాలనర్సయ్య, అక్కడ మిలిటరీ వాళ్ళు పిల్లగాళ్ళ ఛాతీలు కొలుస్తుంటే తానూ వరుసలో నిలబడ్డాడు. ఎడ్లను కొనాల్సినవాడు తానే తోలుకుపోబడ్డాడు. ఇంటికి ఆ కబురు మోసుకొచ్చింది ఎడ్ల బేరగాడు.

మొగుడు లేని ఆ కొన్నేళ్ళే తన జన్మలో సుఖపడిన కాలమని ఈరవ్వ ఎవరి ముందూ దాచేది కాదు. చలికాలం చెరుకు కొట్టడానికి పోయేది. ఎండాకాలం జక్రాన్‌పల్లి దిక్కు పసుపు ఉడకబెట్టడానికి పోయేది. నాందేడ్ నుంచి వచ్చే చెరుకు కూలీల పక్కన పనిచేసి మరాఠీ నేర్చుకుంది. ఆకలైనప్పుడు వండుకునేది, నిద్రొచ్చినప్పుడు పడుకునేది. ఇంత చిన్న సంగతి ఎంత పెద్ద సుఖమో, అది పోయాకే తెలిసింది.

బాలనర్సయ్య అరవై ఎనిమిదిలో తిరిగొచ్చాడు, ఎడమ కాలు కుంటుకుంటూ. పాకిస్తాన్ తూటా తగిలిందని ఊరికి చెప్పాడు. ఊరు దండ వేసింది. ఆ తూటా సంగతి ఈరవ్వకు తెలియడానికి ఎక్కువ రోజులు పట్టలేదు. నిద్రలో అతను "హట్ మోతీ! కాలు దించు మోతీ!" అని కేకలు పెట్టేవాడు. ఆరా తీస్తే, మిలిటరీలో అతను చేసిన పని కంచరగాడిదల మీద మూటలు వేసి కొండలెక్కించడం. మోకాలు విరగ్గొట్టింది మోతీ అనే గాడిద. ఈ మాట బయట పెడితే ఊళ్ళో ఎవరూ నమ్మరనీ, నమ్మితే మొగుడు బతకనివ్వడనీ ఆమె ఊరుకుంది.

ఇంటిని అతను పటాలం చేసేశాడు. తెల్లవారగానే విజిల్ ఊదేవాడు. ఈరవ్వ పొయ్యి పక్కన నిటారుగా నిలబడాలి. గిన్నెలు ఎత్తు ప్రకారం వరుసగా ఉండాలి. పప్పులో రాయి వస్తే అది నేరం. చాయ్ చల్లారితే అదొక నేరం. అందరు మొగుళ్ళలా కోపమొచ్చి కొట్టడం అతని పద్ధతి కాదు. ముందు నేరం చదివేవాడు. తర్వాత కర్రతో కొట్టేవాడు. కొట్టాక "డిస్మిస్" అనేవాడు. ఆ మాట నోట్లోంచి వచ్చేదాకా ఆమె కదలకూడదు. ఒకసారి కొట్టి ఆ మాట అనడం మరిచిపోయి చెరుకు తోటకు పోయాడు. కదిలితే ఇంకో నేరం పడుతుందని ఆమె వాకిట్లో అట్లాగే నిలబడింది. పక్కింటి సత్తవ్వ వచ్చి చూసి, బుగ్గలు నొక్కుకుని, తానే "డిస్మిసే పిల్లా, డిస్మిస్" అని చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

ఈరవ్వ పోలీస్ పటేలు దగ్గరికి పోయి వీపు చూపించింది. పటేలు మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"సరిహద్దుల దేశాన్ని కాపాడిన చెయ్యి గది," అన్నాడు. "ఇంట్ల జరంత అటిటు పడ్తది. గా చెయ్యి మీద పంచాయితీ పెడ్తే దేశానికి ఇజ్జత్ ఉంటదా?"

"దేశం యాడున్నది పటేలా? నా ఈపు మీదనా?"

పటేలుకు ఆ ప్రశ్న నచ్చలేదు. ఆ సాయంత్రం బాలనర్సయ్య చదివిన నేరాల్లో 'దేశద్రోహం' కొత్తగా చేరింది.

డెబ్బై ఒకటి డిసెంబర్‌లో మళ్ళీ యుద్ధమొచ్చింది. బోధన్‌లో అధికారులు సభ పెట్టి, ఊళ్ళల్లో జనం అప్రమత్తంగా ఉండాలన్నారు. వాళ్ళు అన్నది అంతే. బాలనర్సయ్య ఆ ఒక్క ముక్కను పట్టుకుని, బజారులో రెండు ఖాకీ అంగీలు కుట్టించుకుని ఊరికొచ్చాడు. చావడి ముందు జనాన్ని కూడేశాడు.

"పాకిస్తాన్ మొదటి బాంబు పడేది మన షక్కర్ ఫ్యాక్టరీ మీదనే," అన్నాడు. "ఎందుకు? షక్కర లేకుంటే చాయ్ లేదు. చాయ్ లేకుంటే సిపాయి పక్క మీదికెళ్ళి లేవడు. సిపాయి లేవకుంటే ఢిల్లీ ఖతం!"

నిజానికి మొగిలిగుట్టకు దగ్గర్లో ఉన్న సరిహద్దు ఒక్కటే. అది మహారాష్ట్రది. అయినా పటేలు తలూపాడు. రక్షణ దళం తయారైంది. బాలనర్సయ్య దానికి కెప్టెన్. పటేలు తమ్ముడు భీమన్న చేతికి చావడి తాళంచెవి ఇచ్చారు. మిగతా పనిలేని పిల్లగాళ్ళందరూ సిపాయిలు.

పొద్దు గూకితే దీపం పెట్టొద్దన్నారు. పొయ్యి వెలిగించొద్దన్నారు. మగవాళ్ళకు అదేమీ పట్టలేదు. వాళ్ళు కల్లు కాంపౌండ్‌లో చీకట్లోనే తాగి, ఇంటికొచ్చి వేడి వేడి కూడేదని అడిగేవాళ్ళు. పొయ్యి వెలిగిస్తే దళం కొట్టేది, వెలిగించకపోతే మొగుడు కొట్టేవాడు. ఆడవాళ్ళు చెంబు పట్టుకుని ఊరి బయటికి పోవాలంటే పాస్‌వర్డ్ చెప్పాలని ఇంకో ఆర్డర్ వచ్చింది. ఆ మాట రోజూ మారేది. ఒకరోజు 'హిమాలయం' అయ్యింది. సత్తవ్వ కడుపు పట్టుకుని ఉరుకుతూ వస్తే దళం అడ్డం నిలబడింది.

"పాస్‌వర్డ్ చెప్పు!"

"హిమాలవ్వ! తొవ్వియ్యిన్రి కొడుకా!"

"తప్పు."

"హిమాలక్క! మీ కాళ్ళు మొక్కుత, హిమాలత్త!"

ఆ ముసలి ప్రాణాన్ని చెవులు పట్టించి నిలబెట్టారు. అక్కడే కోకలోనే అయిపోయింది. పిల్లగాళ్ళు నవ్వారు. మరుసటి రోజు నుంచి ఊళ్ళో ఆడవాళ్ళు పగలంతా నీళ్ళు తాగడం మానేశారు.

ఊరి బయట పటేలు తోటలో నాందేడ్ కూలీలు చెరుకు కొడుతున్నారు. వాళ్ళలో రాధాబాయి అనే పడుచుపిల్ల పొద్దుగూకే వేళ బావి నుంచి నీళ్ళు తెస్తుంటే భీమన్న పట్టుకున్నాడు. ఆమె నడుం సంచిలో చిన్న అద్దం దొరికింది. అద్దం విమానాలకు సైగ చేయడానికన్నాడు. ఆమె మరాఠీలో ఏడ్చింది. అది గూఢచారుల భాష అన్నాడు. బోధన్ అంగడిలో ఊరు ఊరంతా ఆ భాషలోనే మిరపకాయలు బేరమాడుతుంది. భీమన్న వాళ్ళ నాయనమ్మ చచ్చేదాకా ఆ భాషలోనే అతన్ని తిట్టింది. కానీ యుద్ధకాలంలో అవన్నీ గుర్తుండవు. రాధాబాయిని చావడిలో వేసి తాళం పెట్టారు. ఆమె మొగుడు రామ్‌దాస్ వచ్చి దండం పెడితే, తన్ని పంపారు.

తెల్లారి బాలనర్సయ్య ఈరవ్వను పిలిచాడు.

"ఆడమనిషిని తడిమి తలాషీ చేసేటందుకు ఆడమనిషే ఉండాలె. గది మిలిట్రీ కాయిదా. నిన్ను నాయక్ చేస్తున్న. గీ అంగీ తొడుగు. ఖాకీ లేకుంటే తలాషీ చెల్లది."

చీరె మీద మోకాళ్ళ దాకా వేలాడే అంగీ తొడుక్కుని ఈరవ్వ చావడిలోకి పోయింది. రాధాబాయి మూలకు ఒదిగి ఉంది. కింది పెదవి వాచి ఉంది. రైక మెడ దగ్గర చినిగి ఉంది. ఖాకీని చూడగానే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. ఈరవ్వ తడిమింది. చేతికి తడి తగిలింది. రెండు రొమ్ములూ రాయిలా గట్టిపడి, పాలు కారి రైకంతా తడిసి ఉంది.

"బిడ్డ యాడున్నడే?" అని మరాఠీలో అడిగింది.

"గుడిసెలో. నిన్నటి సంది పాలు లేవు."

"నిన్ను ఎవలు చేసిన్రు ఇట్ల?"

రాధాబాయి తలుపు వైపు చూసింది. బయట భీమన్న తాళంచెవిని వేలికి తిప్పుకుంటూ ఈల వేస్తున్నాడు. ఈరవ్వ లేచింది.

బయటికి రాగానే కెప్టెన్ నిటారుగా నిలబడ్డాడు. "ఏం దొరికినయి?"

"పాలు."

"ఏం పాలు?"

"తల్లి పాలు. బిడ్డకు ఇయ్యాలె."

బాలనర్సయ్య ఆలోచనలో పడ్డాడు. గాడిదల పటాలంలో ఇట్లాంటి దానికి ఆర్డర్ ఏదీ లేదు. "దుష్మన్ ఖైదీకి బయటి మాల్ అందియ్యొద్దు," అన్నాడు చివరికి. "గట్లియ్యనీకె కాయిదా లేదు."

ఈరవ్వ విసవిసా నడిచి తోటలోకి పోయింది. చెరుకాకు గుడిసెలో ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన పసివాణ్ణి ఎత్తుకుంది. ఖాకీలో ఉన్న ఆమెను చూసి రామ్‌దాస్ అడ్డం రావడానికి భయపడ్డాడు. పసివాణ్ణి చంకనేసుకుని చావడికొచ్చి, మొగుడి ముందు కాళ్ళు దగ్గరికి చేర్చి గట్టిగా చెప్పింది:

"కెప్టెన్ సాబ్! దీని సోబతిగాన్ని, తోడుదొంగను పట్టుకొచ్చిన. తోటల దాక్కున్నడు."

బాలనర్సయ్య పసివాడి మొహంలోకి వంగి చూశాడు. వాడు వెక్కాడు.

"శభాష్ నాయక్. లోపలెయ్యి."

"ఇద్దరు ఖైదీలైన్రు. లోపల కూడ పహరా ఉండాలె. నేనుంట. తాళంచెవి నా దగ్గరుంటది."

భీమన్న ఎగిరిపడ్డాడు. కానీ ఆడఖైదీ దగ్గర ఆడ నాయక్ ఉండాలనేది కెప్టెన్ పొద్దున తానే చెప్పిన కాయిదా. పిల్లగాళ్ళందరి ముందూ దాన్ని వెనక్కి తీసుకుంటే కెప్టెన్ పరువేం కావాలి? తాళంచెవి ఈరవ్వ చేతికొచ్చింది. ఆమె లోపలి నుంచి గొళ్ళెం వేసుకుని, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పసివాడు గుటుకు గుటుకున తాగుతున్న చప్పుడు చీకటి పడేదాకా వింది. రాధాబాయి మాత్రం ఆమె వైపు ఒక్కసారీ చూడలేదు.

రాధాబాయిని విడిపించింది న్యాయం కాదు, చెరుకు. ఆమెను వదిలేదాకా కత్తి పట్టేది లేదని కూలీలందరూ గుడిసెల ముందు కూర్చున్నారు. పటేలు చెరుకుకు ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డర్ వచ్చి ఉంది. ఆ వంతు దాటితే చెరుకు తోటలోనే ఎండిపోతుంది. దేశభద్రత గురించి అప్పటిదాకా గంభీరంగా ఉన్న పటేలు, ఎండుతున్న చెరుకును చూడగానే చావడికి ఉరుక్కుంటూ వచ్చాడు.

"గామె గూఢచారి కాదు, ఏం కాదు. ఇడువున్రి. నా చెరుకు పోతున్నది!"

ఆ చెరుకు కొట్టడం అవగానే కూలీలు గుడిసెలు పీకి వెళ్ళిపోయారు. ఆ వారంలోనే యుద్ధం కూడా అయిపోయింది. పటేలు ఇంటి రేడియో చెప్పింది, ఊరంతా వింది. బాలనర్సయ్య మాత్రం ఒప్పుకోలేదు.

"రేడియో ఎవలికి చెప్పింది? ఢిల్లీకి చెప్పింది. మొగిలిగుట్టకు ఆర్డర్ రాలే. ఆర్డర్ వచ్చేదాక లడాయి నడుస్తది."

ఆ సాయంత్రం ఈరవ్వ ఇంట్లో నోరు విప్పింది. "చావడిల భీమన్న ఏం చేసిండో నీకు తెల్సు. తెల్వనట్టు ఊకున్నవ్."

"నా సిపాయి మీద మాటంటవా?" అని అతను కర్ర లేపాడు. నేరం చదవడం మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు. ఆమె ఒంటి మీద ఇంకా ఖాకీ అంగీ ఉంది. ఖాకీ మీద చెయ్యేస్తే సర్కారు మీద చెయ్యేసినట్టేనని దళానికి రోజూ చెప్పింది తానే.

"అంగీ ఇడువు."

"ఎందుకిడువాలె? లడాయి నడుస్తున్నదంటివి గద. డ్యూటీల ఉన్న నాయక్ అంగీ ఇడుస్తదా?"

"నేను కెప్టెన్‌ను. ఆర్డర్ ఇస్తున్న!"

"అయితే లడాయి అయిపోయిందని ఊర్ల డప్పు కొట్టియ్యి. ఇప్పుడే ఇడుస్త."

లేచిన కర్ర లేచినట్టే ఉండిపోయింది. యుద్ధం అయిపోయిందంటే విజిల్ పోతుంది, దళం పోతుంది, దారిలో సలాములు పోతాయి. అవలేదంటే పెళ్ళాన్ని కొట్టడానికి లేదు. తిండి మానేసి ఆలోచించాడు. ఏ దారీ దొరకలేదు. చివరికి కర్రను మూలకు పెట్టి, ఎవరి మీద కోపమో తెలియక గిన్నెల వరుసను తన్నాడు.

ఈరవ్వ ఆ అంగీ విప్పడం మానేసింది. అందులోనే వండింది, నాట్లకు పోయింది, పడుకుంది. స్నానం చేసేటప్పుడు సత్తవ్వ కావలి ఉండేది. తడి అంగీనే మళ్ళీ తొడుక్కునేది. ఈ సంగతి బావి దగ్గర పాకింది. ముందు చంద్రవ్వ వచ్చింది, కన్ను కమిలి ఉంది. ఆమె మొగుడు దళంలో సిపాయి. బయట నేర్చుకున్నదంతా ఇంట్లో సాధన చేస్తున్నాడు.

"అక్కా, నన్ను కూడ మిలిట్రీల చేర్చుకో," అంది.

తుమ్మచెక్క ఉడకబెట్టి, అందులో కొంచెం పసుపు కలిపి పాత రైకలు ముంచితే, అచ్చం ఖాకీ కాకపోయినా దాని చెల్లెలి లాంటి రంగొచ్చింది. చంద్రవ్వ తొడుక్కుంది. మొగుడు చెయ్యెత్తి, కెప్టెన్ గుర్తొచ్చి దించుకున్నాడు. ఇక చూడాలి! కుండల కొద్దీ తుమ్మచెక్క ఉడికింది. సంక్రాంతి దాటేసరికి మొగిలిగుట్ట చేలల్లో ఖాకీ రైకల ఆడవాళ్ళు వరుసలు కట్టి నాట్లు వేస్తున్నారు. దారిలో భీమన్న ఎదురైతే అందరూ నడుములెత్తి, అతను కనుమరుగయ్యేదాకా చూసేవాళ్ళు. అతను పొలాల మీదుగా తిరగడం మానేశాడు.

మగవాళ్ళంతా పోయి కెప్టెన్ మీద పడ్డారు. "లడాయి బంద్ చెయ్యవయ్యా! ఇండ్లల్ల బతుకులు ఖరాబైనయి!" అతను కదల్లేదు. చివరికి పటేలే బోధన్ పోయి ఫిర్యాదు చేశాడు. ఊళ్ళో ఆడవాళ్ళు తిరగబడి సర్కారు దుస్తులు తొడిగారన్నాడు.

ఎస్సై జీపులో వచ్చాడు. చావడి ముందు కుర్చీ వేశారు. ఖాకీ ఆడవాళ్ళను చూసి అతను మీసం మాటున నవ్వాపుకున్నాడు. ఈరవ్వ ముందుకొచ్చి, నాందేడ్ పిల్లను ఈ చావడిలోనే పెట్టి భీమన్న పాడుచేశాడని, గడపలో నిలబడి అందరూ వినేలా చెప్పింది.

"ఆమె ఫిర్యాదు చేసిందా?" అన్నాడు ఎస్సై.

"మాట మాట్లాడనిచ్చిన్రా సార్?"

"ఆమె లేనిదే కేసు లేదు. ఇంకేముంది?"

"ముసలామెను చెవులు పట్టించి నిలబెట్టిన్రు. మమ్ముల ఇండ్లల్ల గొడ్లను కొట్టినట్టు కొడుతున్రు."

"ఊరి రక్షణలో కొంచెం కఠినంగా ఉండాల్సొస్తుంది. ఇక మొగుడు పెళ్ళాల గొడవకు పోలీసు రాడమ్మా. దానికి సెక్షన్ లేదు." ఇంతలో అతని చూపు ఆమె అంగీ మీద ఆగింది. కుర్చీలోంచి లేచాడు. "కానీ దీనికి ఉంది! అనుమతి లేకుండా ఖాకీ వేయడం నేరం. ఎవరిచ్చారు నీకు?"

ఈరవ్వ మొగుడి వైపు వేలు చూపించింది.

ఒక ఆడమనిషిని తాళం వేసి పాడుచేయడం నేరం కాలేదు. ముసలిదాని మానం తీయడం నేరం కాలేదు. వీపులు చీల్చడం నేరం కాలేదు. గుడ్డ రంగు నేరమైంది. ఎస్సై బాలనర్సయ్య అంగీ అక్కడే విప్పించాడు. విజిల్ లాక్కున్నాడు. యుద్ధం ముగిసిందని ఊరందరి ముందూ అతని నోటితోనే చెప్పించాడు. బనీను మీద నిలబడి ఆ మాట చెబుతూ బాలనర్సయ్య ఏడ్చాడు. ఆడవాళ్ళు ఇళ్ళకు పోయి, రైకలు మార్చుకొచ్చి ఖాకీ గుడ్డలన్నీ చావడి ముందు కుప్పేశారు. జీపు వాటిని వేసుకుని వెళ్ళిపోయింది.

ఇంటికి పోతే ఏం జరుగుతుందో ఈరవ్వకు తెలుసు. పొయ్యి వెలిగించింది. మొగుడు గడపలోకి వచ్చి మూలనున్న కర్ర అందుకున్నాడు. ఈసారి నేరం చదవలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది పడేలోగా వాకిలి చప్పుడైంది. సత్తవ్వ, చంద్రవ్వ, వాళ్ళ వెనక వీధిలోని ఆడవాళ్ళందరూ మామూలు చీరెల్లో లోపలికొచ్చి పొయ్యి చుట్టూ కూర్చున్నారు. ఒకామె చింతపండు పిసకడం మొదలుపెట్టింది.

"ఏంది మీకిక్కడ పని?" అన్నాడు బాలనర్సయ్య.

"డ్యూటీ," అంది సత్తవ్వ.

అతను కర్ర పట్టుకుని వాళ్ళందరి నడుమా నిలబడ్డాడు. తర్వాత బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. ఆ రోజు నుంచి ఏ ఇంట్లో కేక వినిపించినా ఆడవాళ్ళు పనులు వదిలి పోయి ఆ ఇంట్లో కూర్చోవడం మొగిలిగుట్టలో అలవాటైపోయింది. దెబ్బలు ఆగలేదు, తగ్గాయి.

బాలనర్సయ్య ఎండాకాలంలో నిజామాబాద్ పోయి ఒక బియ్యం మిల్లులో కావలి పనికి కుదిరాడు. గేటు తీసి మూసినప్పుడల్లా లారీల వాళ్ళు సలాం కొడతారని అతనికి ఆ పని నచ్చింది. నెలకోసారి వచ్చిపోయేవాడు. కర్ర బయట పెట్టి లోపలికి రమ్మనేది ఈరవ్వ. పెట్టేవాడు.

ఆమె మళ్ళీ చెరుకు పనికి పోతూ వచ్చింది. నాందేడ్ మూక మాత్రం మొగిలిగుట్టకు మళ్ళీ రాలేదు. మూడో ఏడు చలికాలం బోధన్ అంగడిలో మిరపకాయల రాశి దగ్గర రాధాబాయి కనిపించింది, చంకలో ఒక బిడ్డ, పక్కన నడిచే పిల్లవాడు. ఈరవ్వ దగ్గరికి పోగానే రాధాబాయి ఒక అడుగు వెనక్కి వేసి, పిల్లవాణ్ణి కొంగు వెనక్కి లాక్కుంది.

"నువ్వు గా అంగీదానివి," అంది మరాఠీలో.

తాను తలుపుకు ఆనుకుని ఆ పిల్లకు కాపుగా కూర్చున్నాననుకుంది ఈరవ్వ ఇన్నాళ్ళూ. లోపలున్న మనిషికి మాత్రం తలుపుకు అడ్డంగా కూర్చున్నది ఇంకో ఖాకీ అంగీ.

"అవు. నేనే," అంది.

ఇద్దరూ కొంతసేపు మిరపకాయలు ఏరారు.

"వాడు ఉన్నాడా?"

"ఉన్నడు. ఇప్పుడు సర్పంచ్‌కు నిలబడుతున్నడు. నేను ఇల్లిల్లూ తిరిగి చెప్తున్న, నీ పేరు ఎత్తకుంటనే చెప్తున్న. పాత ముచ్చట ఎందుకు తోడుతవని మొగోళ్ళు తిడుతున్రు."

"గెలుస్తాడా?"

"గెలుస్తడు గావచ్చు. వాళ్ళన్న పటేలు గద."

రాధాబాయి పక్కకు ఉమ్మింది. మిరపకాయలు తూకం వేయించుకుంది. పోబోతూ ఆగి వెనక్కి తిరిగింది.

"పేరు పెట్టి చెప్పు," అంది. "రాధాబాయి అని చెప్పు. రామ్‌దాస్ పెళ్ళాం అని చెప్పు. ఎవళ్ళనో అన్నట్టు చెబితే ఎవరు నమ్ముతారు?"

ఆ మాట అని పిల్లవాడి చెయ్యి పట్టుకుని జనంలో కలిసిపోయింది. ఈరవ్వ సంచీ భుజాన వేసుకుని, ఎన్నికల్లోగా పోవాల్సిన ఇళ్ళు ఇంకా ఉన్నాయని, రెంజల్ దారి పట్టింది.